గాలి నింపే కయాక్ మీద చేపలు పట్టాలంటే ఏమేం బిగించుకోవాలి?

డెంటన్_గాలం:

నమస్తే అందరికీ. నేను టెక్సస్‌లో డెంటన్ దగ్గరుంటాను, మాది పశ్చిమ గోదావరి, చిన్నప్పుడు కాలవ గట్టు మీద వెదురు గాలంతో జెల్లలు పట్టిన అలవాటు, ఇక్కడికొచ్చి పదకొండేళ్ళయినా ఆ పిచ్చి వదల్లేదు. ఇన్నాళ్ళూ ఒడ్డు మీద నిలబడే వేసేవాణ్ణి. మూడో అంతస్తు అపార్ట్‌మెంటు, కారేమో క్యామ్రీ, పైన ర్యాక్ లేదు, కాబట్టి కయాక్ అంటే తెడ్డుతో నడిపే సన్న పడవ, అందులో గట్టి ప్లాస్టిక్‌ది మాకు కుదరదు, అందుకని ఈ మార్చిలో ఇంటెక్స్ ఎక్స్‌కర్షన్ ప్రో అనే గాలి నింపే కయాక్ కొన్నాను. ఇద్దరు కూర్చునేది, 12 అడుగుల 7 అంగుళాల పొడవు, 400 పౌండ్లు మోస్తుందని దాని మీదే రాసుంది.

పోయిన శనివారం మొదటిసారి రే రాబర్ట్స్ లేక్‌లో దింపాను. పొద్దున ఏడింటికి నీళ్ళు అద్దంలా ఉన్నాయి, ఎంత ఆనందమేసిందో చెప్పలేను. తొమ్మిది అయ్యేసరికి దక్షిణం గాలి మొదలైంది, ఎర విసిరి రెండుసార్లు రీలు తిప్పేలోపే పడవ ఎటో తిరిగిపోతోంది, తెడ్డు పట్టుకుంటే గాలం వదిలెయ్యాలి, గాలం పట్టుకుంటే తెడ్డు వదిలెయ్యాలి. అరగంటలో అవతలి ఒడ్డుకి కొట్టుకుపోయి వెనక్కి రావడానికి గంటపైనే పట్టింది, భుజాలు ఇంకా నొప్పిగానే ఉన్నాయి. ఒక్క చేప కూడా పడలేదు.

అడగాల్సినవి చాలా ఉన్నాయి. దీంతో వచ్చిన రాడ్ హోల్డర్లు నా వెనకాల ఉన్నాయి, చెయ్యి అందదు, ముందువైపు ఇంకో రెండు పెట్టాలంటే పీవీసీ మీద జిగురుతో అతికించొచ్చా? లంగరు ఎక్కడ కట్టాలి? నీళ్ళలోకి శబ్దం పంపి చేపలెక్కడున్నాయో చూపించే ఫిష్ ఫైండర్ సెన్సర్ పడవ అడుగున లోపలివైపు అంటిస్తే పనిచేస్తుందా? చిన్న ఎలక్ట్రిక్ మోటారు పెట్టుకోవచ్చా? మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు, వాడూ వస్తానంటున్నాడు. నా బరువు 82 కేజీలు, వాడు 30.

ట్రినిటీ_తెడ్డు:

బ్రదర్, ఐదేళ్ళ నుంచి నేనూ ఇలాంటిదాని మీదే, లెవిస్‌విల్, గ్రేప్‌వైన్, రే రాబర్ట్స్ లేకులన్నీ తిరిగాను. ముందు ఒకటి చెప్తాను, ఏదీ అతికించకు, కట్టుకో. ఎందుకంటే మొదటి నాలుగైదు ట్రిప్పుల్లో నీకు రాడ్ ఎక్కడుండాలో, కాళ్ళు ఎక్కడ పెడతావో, తెడ్డు వేసేటప్పుడు ఏం తగులుతుందో నీకే తెలీదు, ఒకసారి జిగురు పెట్టాక మార్చలేవు. నేను చేసింది ఏంటంటే ఎనిమిది అంగుళాల వెడల్పు ప్లైవుడ్ పలక ఒకటి కోయించి, అంచులు బాగా సాండ్‌పేపర్ పట్టి వార్నిష్ వేసి, కింద స్విమ్మింగ్ పూల్ నూడుల్ (పొడవాటి ఫోమ్ గొట్టం) చీల్చి అంటించి, పాదాలకి కొంచెం అవతల రెండు గాలి ట్యూబుల మీద అడ్డంగా పెట్టి పట్టీలతో కట్టాను. రెండు రాడ్ హోల్డర్లు, ఫిష్ ఫైండర్ అన్నీ ఆ పలక మీదే. ఇంటికొచ్చాక పట్టీ విప్పితే పలక ఒక్కటీ చేతిలోకి వస్తుంది, పడవ మామూలుగా మడత పడిపోతుంది. వెనకాల పాల క్రేటు ఒకటి, దానికి పీవీసీ పైపు ముక్కలు జిప్ టైలతో కట్టి స్పేర్ రాడ్లు.

సెన్సర్ లోపల అంటిస్తే పనిచెయ్యదు. గట్టి ప్లాస్టిక్ కయాక్‌లో అడుగున అంటించేవాళ్ళని చూసి అందరూ ఇదే అనుకుంటారు, కానీ మన దాంట్లో అడుగంతా గాలి, సోనార్ శబ్దం ఆ గాలి దాటి నీళ్ళలోకి పోదు. సెన్సర్ నీళ్ళని తాకి తీరాలి. పలక చివర నుంచి పీవీసీ పైపు కిందికి దించి దాని కొసన కట్టుకో, ఒడ్డుకి వచ్చేటప్పుడు పైకి తిప్పేసేలా ఉండాలి. బ్యాటరీకి 12 వోల్టు 7 ఏఎచ్ (ఆంపియర్ అవర్లు) చిన్నది చాలు, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టు.

మోటారు సంగతి. లెక్క చూడు, నువ్వు 82, అబ్బాయి 30, సామాను 15 వేసుకున్నా 127 అయింది. 400 పౌండ్లంటే 181 కేజీలు, కానీ అది మునగకుండా మోసే లెక్క, హాయిగా చేపలు పట్టే లెక్క కాదు, నేను అందులో 70 శాతం దాటను, అంటే 127 దగ్గరే. మోటారు ఎనిమిది కేజీలు, మామూలు లెడ్ యాసిడ్ డీప్ సైకిల్ బ్యాటరీ పాతిక కేజీలు వేస్తే ట్యూబులు నీళ్ళలోకి దిగిపోతాయి. అబ్బాయి ఉన్నరోజు మోటారు వద్దు. ఒక్కడివే వెళ్ళేరోజుకి లిథియం 50 ఏఎచ్ అయితే ఆరు కేజీల్లో అయిపోతుంది. 30 పౌండ్ల థ్రస్ట్ (తోసే బలం) మోటారు ఫుల్‌లో సుమారు 30 ఆంప్స్ లాగుతుంది కాబట్టి గంటన్నర వస్తుంది, నెమ్మదిగా పోతే ఇంకా చాలా ఎక్కువ. వైరుకి ఫ్యూజు లేకుండా మాత్రం పెట్టొద్దు. ఇంకో సంగతి, తెడ్డుతో నడిపే కయాక్‌కి టెక్సస్‌లో రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఎలక్ట్రిక్ అయినా సరే మోటారు తగిలించావంటే పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ దగ్గర రిజిస్టర్ చెయ్యాలి. లైఫ్ జాకెట్ 13 ఏళ్ళ లోపు పిల్లలు వేసుకునే ఉండాలని చట్టం, నేనైతే నువ్వూ వేసుకునే ఉండాలంటాను, సీటు కింద పెట్టుకున్న జాకెట్ పడిపోయినప్పుడు దొరకదు.

లంగరు పక్కకి కట్టకు, ఇది బాగా గుర్తుపెట్టుకో. గాలికి పడవ అడ్డం తిరిగి అలలు లోపలికి వస్తాయి. ముందు కొసకొక కప్పీ, వెనక కొసకొక కప్పీ పెట్టి రెండిటి మధ్య సన్న తాడు చుట్టూ తిరిగేలా వేసి, ఆ తాడుకి ఒక రింగు కట్టు, లంగరు తాడు ఆ రింగులోంచి పోతుంది, కూర్చున్న చోటు నుంచే తాడు లాగితే లంగరు ముక్కుకో తోకకో వెళ్తుంది. కొక్కేలుండే మడత లంగరు వద్దు, రే రాబర్ట్స్ అడుగంతా మునిగిన చెట్లు, ఇరుక్కుంటే రాదు, పైగా కొక్కెం ట్యూబుకి తగిలితే అంతే. రబ్బరు తొడుగున్న ఐదు పౌండ్ల డంబెల్‌కి తాడు కడితే చాలు. తాడు చివర చిన్న బెండు కట్టు, అర్జెంటుగా వదిలెయ్యాల్సి వస్తే మళ్ళీ వెతికి పట్టుకోవచ్చు.

గాలికి కొట్టుకుపోయానన్నావు, పడవ తిన్నగా పోవడానికి అడుగున తగిలించే రెక్క ఏది పెట్టావు? పెట్టెలో రెండొస్తాయి, లోతు నీళ్ళకి పెద్దది పెట్టాలి. బయల్దేరేటప్పుడు గాలికి ఎదురెళ్ళు, అలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు గాలే తోస్తుంది.

చెర్వుకట్ట_సిద్దిపేట:

అన్నా నేను ఇక్కడ మన దిక్కే, డెకాత్లాన్ల దొరికే ఇద్దరు కూసునే గాలి కయాక్ వాడుతున్న, కొర్రమీను కోసం. మీ దగ్గర మునిగిన చెట్లంటున్నరు, మా దగ్గర సర్కారు తుమ్మ. ఎండకాలం చెర్వు ఎండినప్పుడు లోపటంత మొలుస్తది, వానలకు నీళ్ళొస్తే ముండ్లన్ని నీళ్ళ కింద పడి ఉంటయ్, పైకెంచి ఏం కనవడది. నాది రెండోసారే పంచరైంది. అప్పటిసంది ఒడ్డున మోకాలు లోతు దాకా నడిచి పట్టుకపోయి అక్కడ ఎక్కుత, దిగేటప్పుడు గూడ అట్లనే, ఒడ్డు మీద ఎన్నడు గుంజ. లోపట అడుగుకు పాత యోగా మ్యాట్ కోసి పరిచిన, గాలాలు కింద పడ్డా దిగవు, కాళ్ళకు గూడ చల్లగుంటది.

ఎండ సంగతి ఎవ్వరు చెప్పలే. పొద్దుగాల చల్లగున్నప్పుడు గట్టిగ నింపి నీళ్ళల వేస్తే ఇంకింత మెత్తవడ్తది, అప్పుడు నాలుగు పంపులు కొట్టాలె. కని పదకొండింటికి ఒడ్డుకు తెచ్చి ఎండల పెట్టి బువ్వ తినవోతే లోపటి గాలి వేడెక్కి ఉబ్బుతది, కుట్లు ఊడుతయ్. ఒడ్డుకు తేంగనే కొంచెం గాలి ఇడువు, లేకుంటె నీడకు పెట్టు. పంచరు ఎక్కడుందో దొరకకుంటె సబ్బు నీళ్ళు పుయ్యి, బుడగలొస్తయ్, లారీ ట్యూబుకు చూసినట్టే.

ఇంటికాడ ట్రై చేద్దామనుకునేటోళ్ళకు ఒక మాట, మన చెర్వుల్ల చేపల హక్కు మత్స్యకారుల సొసైటీలకు ఉంటది, వాళ్ళే పిల్లలు ఇడిచి పెంచుకుంటరు. అడగకుండ దిగొద్దు. నేను సొసైటీ పెద్దమనిషిని అడిగిన, వాళ్ళ వలల దిక్కు పోనని మాటిచ్చిన, ఇప్పుడు వాళ్ళే కొర్రమీను ఏ గుర్రపుడెక్క కింద ఉంటదో చూపిస్తరు. వాళ్ళు థర్మకోల్ తెప్ప మీద కూసోని వల ఎట్ల వేస్తరో చూసే నేను బరువు మధ్యల పెట్టుడు నేర్సుకున్న.

గాల్వెస్టన్_పులుసు:

తమ్ముడూ, ముల్లు సంగతి నేనూ చెప్తాను, చేప ముల్లు. గాల్వెస్టన్ బే పక్క కాలవల్లో హార్డ్‌హెడ్ క్యాట్‌ఫిష్ పడింది, అలవాటుగా ఒళ్ళోకి లాగాను. పక్క రెక్క ముల్లు నిటారుగా లేచి ట్యూబులో దిగింది. సన్నగా ఉస్సుమని శబ్దం, నాకు గుండె ఆగినంత పనైంది. పడవలో మిగతా గాలి గదుల్లో గాలుంది కాబట్టి ఒక వైపుకి ఒరిగి తెడ్డు వేసుకుంటూ వచ్చాను. మీ దగ్గర చానెల్ క్యాట్‌ఫిష్ పడుతుంది, దానికీ ఆ ముళ్ళు ఉంటాయి. పొడవు పిడి ఉన్న రబ్బరు వల కొనండి, చేపని నీళ్ళ మీదే వలలో ఉంచి ప్లయరుతో గాలం తియ్యండి, తెచ్చుకోవాలనుకుంటే మందంగా ఉండే కూలర్ బ్యాగులోకి నేరుగా. ముల్లు పడవకి తగిలే అవకాశమే ఇవ్వకండి.

పంచరు అతుక్కి టేర్ ఎయిడ్ అనే అంటించే పట్టీ వాడండి, టైప్ బీ, పీవీసీకి అదే, టైప్ ఏ అంటుకోదు. ఎప్పుడూ జేబులో ఉంచుకోండి, పంపు కూడా పడవలోనే ఉండాలి, కారులో కాదు. తర్వాత ఎప్పుడైనా డీ రింగులు (పట్టీలు, తాళ్ళు కట్టుకునే రింగులు) అతికించాలంటే ఎసిటోన్‌తో తుడిచి, కొంచెం గరుకు చేసి, పీవీసీ పడవల జిగురు పల్చగా రెండు పూతలు వేసి, వేలికి జిగటగా తగిలినప్పుడు నొక్కి, 24 గంటలు గాలి నింపకుండా వదిలెయ్యాలి. సూపర్ గ్లూ వద్దు, గట్టిపడి మడతలో పగులుతుంది.

మోటారు మాత్రం నేను పూర్తిగా వద్దంటాను. ఈ పడవ గొప్పతనమే తేలిక. వైర్లు, బ్యాటరీ, బ్రేకరు అన్నీ చేరాక మూడో అంతస్తు నుంచి మూడు విడతలుగా దింపుతారు, రెండు నెలలకి వెళ్ళడమే మానేస్తారు. మా ఇంట్లో అదే జరిగింది.

ట్రినిటీ_తెడ్డు:

అది నిజమే అండి, నేనూ మోటారు ఏడాదికి నాలుగైదు సార్లే తీస్తాను. ఒకటి మర్చిపోయాను, రే రాబర్ట్స్‌లో 2012 నుంచి జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పల్లాంటివి ఉన్నాయి, రాళ్ళకీ మునిగిన చెట్లకీ అంటుకుని ఉంటాయి, ఆ గుల్లలు బ్లేడుల్లా కోస్తాయి. ఇంకో లేక్‌కి అవి మోసుకుపోకూడదు కాబట్టి బయల్దేరే ముందు కయాక్‌లో నీళ్ళు మొత్తం ఒంపేయాలి, అది టెక్సస్ రూల్, తెడ్డు పడవలకీ వర్తిస్తుంది.

డెంటన్_గాలం:

అందరికీ చాలా చాలా థాంక్స్. రెండు వారాంతాలు అయ్యాక రాస్తున్నాను. రెక్క చిన్నదే పెట్టాను, తప్పు అక్కడే జరిగింది, పెద్దది పెట్టాక తిన్నగా పోతోంది. పలక చేయించాను, డంబెల్ లంగరు, కప్పీలు, యోగా మ్యాట్ అన్నీ అయ్యాయి, మోటారు ఆలోచన మానేశాను. మొన్న ఆదివారం అబ్బాయితో వెళ్ళాను, వాడు ముందు, నేను వెనక, ఇద్దరం జాకెట్లు వేసుకునే. గాలి మొదలవగానే ముక్కుకి లంగరు వేశాను, పడవ కదల్లేదు. సాండ్ బాస్ ఏడు పడ్డాయి, 10 అంగుళాల లోపువి రెండు వదిలేసి ఐదు తెచ్చుకున్నాం, అందులో మూడు వాడు పట్టినవే. మా ఆవిడ చింతపండు పులుసు పెట్టింది, ముళ్ళు తక్కువే కాబట్టి వాడే ఒలుచుకుని తిన్నాడు.

ఇప్పుడు ఒక్కటే మిగిలింది, తడి ఆరబెట్టడం. మాకు బాల్కనీ చిన్నది, సగం విప్పి కుర్చీల మీద వేస్తున్నాను కానీ అడుగు మడతల్లో నీళ్ళు మూడో రోజు కూడా ఉంటున్నాయి, వాసన మొదలైంది. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళు ఎలా చేస్తున్నారు?

చెర్వుకట్ట_సిద్దిపేట:

అన్నా మొత్తం విప్పకు. పొడి బట్టతోని తుడిచి, సగం గాలి నింపి నిలవెట్టు, ముక్కు పైకి. గాలుంటె మడత తెరుచుకుంటది, నీళ్ళు కిందికి జారుతయ్. పక్కకు ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టు, తెల్లారెవరకు ఆరుతది.