ఆర్థోలోకి పిల్లల్ని తెచ్చిన సర్జన్‌కి అవార్డు ఇవ్వాలంటే ఏం చూడాలి?

ఆర్థో మేడమ్, విజయనగరం:

నమస్కారం అండీ. మా మెడికల్ కాలేజీ పాత విద్యార్థుల సంఘం ఈ ఏడాది ఒక కొత్త అవార్డు పెడుతోంది. ఎక్కువ ఆపరేషన్లు చేసినవాళ్లకి, పేపర్లు రాసినవాళ్లకి ఇదివరకే ఉన్నాయి. ఇది ఆర్థో (ఎముకల సర్జరీ) వైపు చూడటానికే జంకే మెడికల్ విద్యార్థుల్ని ఈ బ్రాంచిలోకి తెచ్చిన సర్జన్‌కి. ఆడపిల్లలు, ఏజెన్సీ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు, ఇంట్లో మొదటి డాక్టరు అయినవాళ్లు నా దృష్టిలో ఉన్నారు. నియమాలు రాసే పని నాకు అప్పజెప్పారు.

కమిటీలో మొదటి మాటే "మన జిల్లాలో మొదటి లేడీ ఆర్థోపెడీషియన్ ఎవరో చూసి ఆవిడకి ఇచ్చేద్దాం" అని వచ్చింది. ఆవిడ ఎన్ని పడి ఉంటారో నాకు తెలుసు, దండం పెడతాను. కానీ ఈ అవార్డు ముందు వచ్చినవాళ్లకి కాదు, తమ వెనక ఇంకొకరిని రప్పించినవాళ్లకి అని నా పట్టుదల.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఆర్థో పోస్టింగ్‌లో ఆడపిల్లలకి కేస్ షీట్లు రాసే పని, మగపిల్లలకి ప్లాస్టర్ రూమ్. మా యూనిట్ చీఫ్ గారు దాన్ని తిప్పేశారు. మణికట్టు విరిగి వచ్చిన ఒక పెద్దావిడ చెయ్యి నా చేతుల్లో పెట్టి, "గుంజకమ్మా, నిదానంగా లాగి పట్టుకో. కండరం అలిసిపోనీ, అప్పుడు ఎముక నీ మాట వింటుంది" అన్నారు. విన్నది. ఆ తర్వాత ఆపరేషన్ థియేటర్ లిస్టులో అసిస్టెంటుగా నా పేరు రాయడం మొదలుపెట్టారు. మా నాన్నగారు "ఆడపిల్లకి ఈ బ్రాంచి ఏమిటండీ, గైనిక్‌లో చేరమనండి" అని అడగడానికి వస్తే, కూర్చోబెట్టి టీ ఇప్పించి, ఈ పని ఎలా ఉంటుందో దాచకుండా చెప్పి పంపారు. అలా ఆయన దగ్గర నుంచి వెళ్లినవాళ్లు ఇవాళ చాలా ఊళ్లలో ఉన్నారు. ఆయన పేరు మాత్రం ఏ సావనీర్‌లోనూ లేదు.

ఇలాంటి పనిని నియమాల్లో ఎలా పట్టుకోవాలి? బయటి దేశాల్లో ఎలా చేస్తున్నారు?

కాకినాడ నుంచి ఒహాయో (హ్యాండ్ సర్జన్):

మేడమ్ గారూ, మొదటివాళ్లకి ఇవ్వడం చాలదనడానికి ఇక్కడి చరిత్రే సాక్ష్యం. అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆర్థోపెడిక్ సర్జన్స్‌లో మొదటి మహిళా సభ్యురాలు రూత్ జాక్సన్, 1937లో చేరారు. అకాడమీకి మొదటి మహిళా అధ్యక్షురాలు క్రిస్టీ వెబర్ వచ్చింది 2019లో. నడుమ 82 ఏళ్లు. ఇప్పటికీ అకాడమీ సర్జన్లలో ఆడవాళ్లు నూటికి పదిమంది లోపే, నల్లజాతివాళ్లు నూటికి ఇద్దరు, అటూ ఇటూగా.

మార్పు తెచ్చింది చేతిలో పని పెట్టినవాళ్లు. లీసా లట్టాంజా అనే హ్యాండ్ సర్జన్, జెన్నీ బక్లీ అనే ఇంజనీరు కలిసి 2009లో పెర్రీ ఇనిషియేటివ్ మొదలుపెట్టారు. హైస్కూలు ఆడపిల్లలకి ఒక రోజంతా డ్రిల్లు ఇచ్చి, ప్లాస్టిక్ ఎముకలకి ప్లేట్లు, స్క్రూలు వేయిస్తారు. బానీ మేసన్ అనే ఆర్థోపెడిక్ సర్జన్ కీళ్లవాతం వల్ల ఆపరేషన్లు మానేయాల్సి వచ్చాక, ఎన్త్ డైమెన్షన్స్ అనే సంస్థతో మెడిసిన్ మొదటి ఏడాది పిల్లలని వేసవిలో సర్జన్ల దగ్గరికి పంపించే ఏర్పాటు చేశారు. అకాడమీ డైవర్సిటీ అవార్డు కూడా ఇస్తూ వచ్చింది.

మన దేశంలోనే ఇంతకంటే గొప్ప ఉదాహరణ వెల్లూరులో ఉంది. డాక్టర్ మేరీ వర్గీస్‌కి 1954లో ప్రమాదం జరిగి నడుము కింద చచ్చుబడింది. అక్కడ కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేస్తున్న పాల్ బ్రాండ్, చేతి సర్జరీ కూర్చుని చేయొచ్చు కదా అని ఆవిడని ఆ పనిలోకి తీసుకున్నారు. చక్రాల కుర్చీలోంచే ఆవిడ ఆపరేషన్లు చేశారు. తర్వాత రీహాబిలిటేషన్‌లో శిక్షణ పొంది వెల్లూరులో ఆ విభాగాన్ని నడిపారు, 1972లో పద్మశ్రీ అందుకున్నారు. నేనూ రోజూ కూర్చునే ఆపరేషన్ చేస్తాను, కాబట్టి బ్రాండ్ గారి ఆలోచన విలువ నాకు బాగా తెలుసు. మనిషిని మార్చమనకుండా, ఆ మనిషి చేయగల పని వెతికారు.

గుంటూరు సీనియర్:

అమ్మా, ఉద్దేశం మంచిదే. కానీ సీటు ఇచ్చేది నీట్ పీజీ ర్యాంకు, సర్జన్ కాదు. ఒకరిని తెచ్చాం అని ఎవరు చెప్పుకోగలరు? ఇంకో మాట, తొడ ఎముక విరిగి వచ్చిన బరువైన పేషెంటుని లాగాలంటే బలం కావాలి, అది కాదనలేం.

ఆర్థో మేడమ్, విజయనగరం:

సార్, ర్యాంకు సీటు ఇస్తుంది, నిజమే. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు ఆర్థో అని టిక్ చేసే చెయ్యి మాత్రం దానికి చాలా ముందే తయారవుతుంది. నాకంటే మంచి ర్యాంకు వచ్చిన స్నేహితురాలు ఆ కాలమ్ వైపే చూడలేదు.

అమెరికాలో చాలా కాలేజీల్లో ఆర్థో పోస్టింగ్ తప్పనిసరి కాదు కాబట్టి వాళ్లు పిల్లలకి ఆ బ్రాంచిని చూపించాల్సి వస్తోంది. మన ఎంబీబీఎస్‌లో, హౌస్ సర్జన్సీలో ఆర్థో తప్పనిసరి. మన దగ్గర అందరూ చూస్తారు, కొందరి చేతికే పని దొరుకుతుంది. ఆ పని ఎవరు పంచిపెట్టారన్నదే నేను చూడాలనుకుంటున్నాను.

బలం సంగతి: తొడ ఎముకకి ఫ్రాక్చర్ టేబుల్ లాగుతుంది, ట్రాక్షన్ లాగుతుంది, రీమింగ్‌కి (ఎముక లోపల తొలవడానికి) పవర్ డ్రిల్ ఉంది. తుంటి కీలు తప్పితే మత్తు సరిగ్గా ఇచ్చి, పద్ధతి తెలిసి పట్టుకుంటే వస్తుంది. పద్ధతి తెలియని బలంతో ఎముకలు విరిగిన కేసులు మీరూ చూసే ఉంటారు.

వరంగల్ ఆర్థో పీజీ, రెండో ఏడు:

మేడమ్, మా వైపు నుంచి ఒక్కటి చెప్తా. నామినేషన్ హెచ్‌ఓడీల (విభాగం పెద్దల) దగ్గర అడగకండి, జూనియర్ల దగ్గర అడగండి. ఎవరు చెయ్యి పట్టి నేర్పిండ్రో మాకే తెలుస్తది.

చిన్నవి కూడా చూడండి. రేడియేషన్ తగలకుండా వేసుకునే లెడ్ ఏప్రన్ మా సైజుది దొరకదు, పెద్దది వేసుకుంటే చంక పక్కన ఖాళీ ఉండి సీ-ఆర్మ్ (ఆపరేషన్ నడుమ ఎక్స్-రే చూపించే మెషిన్) రేడియేషన్ రొమ్ము దాకా వస్తది. ఒక సార్ మాత్రం మేము అడగకముందే చిన్న సైజువి ఇండెంట్ పెట్టి తెప్పించిండు. మా సీనియర్ అక్క కడుపుతో ఉన్నప్పుడు సీ-ఆర్మ్ కేసులు మార్చి, ఆమెకి ఓపీ, క్లబ్‌ఫుట్ (పుట్టుకతో పాదం వంకర) పిల్లల ప్లాస్టర్లు ఇచ్చిండు. కోర్సు ఆగలేదు, చేసిన కేసులు రాసే లాగ్‌బుక్ నిండింది. ఆడవాళ్లకి డ్యూటీ రూమ్ లేకపోతే అడిగి సాధించింది కూడా ఆయనే. నన్నడిగితే ఆయనకే ఇయ్యాలె.

ఆర్థో మేడమ్, విజయనగరం:

అమ్మా, నువ్వు చెప్పినవి యథాతథంగా రాసుకున్నాను. ఏప్రన్ సంగతి మా కమిటీలో ఒక్కరికీ తట్టలేదు.

కమిటీ ముందు పెట్టబోయేది ఇదీ: నామినేషన్ శిష్యులే రాయాలి, కనీసం ఇద్దరు వేరు వేరు బ్యాచ్‌ల వాళ్లు. ఎంతమంది చేరారని కాదు, కోర్సు పూర్తి చేసి ఇవాళ ఆర్థో ప్రాక్టీసులో ఉన్నవాళ్లు ఎవరని అడుగుతాం. పెద్ద హోదా అక్కర్లేదు, ఏరియా హాస్పిటల్ సర్జన్ అయినా సరే. శాలువా, జ్ఞాపిక ఖర్చు తగ్గించి, గెలిచిన సర్జన్ పేరున హౌస్ సర్జన్లకి ఒక రోజు ప్లాస్టిక్ ఎముకల వర్క్‌షాప్ పెడదామని నా ప్రతిపాదన. కేస్ షీట్లు రాస్తున్నవాళ్లనే ముందు పిలుస్తాం.

విశాఖ, విజయనగరం చుట్టుపక్కల ఒక రోజుకి డ్రిల్లులు, పాత ప్లేట్ల సెట్లు ఇవ్వగలవాళ్లు తెలిస్తే దయచేసి ఇక్కడ రాయండి.