షుగర్ మాత్రలు వాడేవాళ్ళకి క్లాస్ 2 మెడికల్ ఇస్తారా?

గాజువాక_గాలిపటం:
వయసు 41. పిల్లలు ఒక దారిలో పడ్డారు, చిన్నప్పటి సరదా ఇప్పుడైనా తీర్చుకుందామని పీపీఎల్ (ప్రైవేట్ పైలట్ లైసెన్సు) మీద పడ్డాను. హైదరాబాద్ వైపు ఫ్లయింగ్ క్లబ్బులు వాకబు చేస్తున్నాను. క్లాస్ 2 మెడికల్ (దానికి కావాల్సిన ఆరోగ్య పరీక్ష) ముందా, క్లబ్బు ఫీజు ముందా? కళ్ళజోడు మైనస్ మూడు, ఇబ్బందా? షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నాను, దానికి ఏమంటారు? వైజాగ్‌లో చేసే డాక్టర్ ఉంటే అదీ చెప్పండి.

సెస్నా_చిన్నోడు:
మెడికల్ ముందు, డబ్బు తర్వాత. స్టూడెంట్ పైలట్ లైసెన్సుకే క్లాస్ 2 కావాలి. మా బ్యాచ్‌లో ఒకాయన ఫీజు మొత్తం కట్టేసి తర్వాత అన్‌ఫిట్ అయ్యాడు, వాపసు కోసం ఇప్పటికీ తిరుగుతున్నాడు. కళ్ళజోడు గురించి టెన్షన్ వద్దు. జోడు పెట్టుకుని ఒక్కో కంటికి 6/12, రెండూ కలిపి 6/9 వస్తే క్లాస్ 2కి ఇకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ప్రమాణం సరిపోయినట్టే. ఎగిరేటప్పుడు రెండో జత చేతికందేలా పెట్టుకోవాలి, అంతే.

ఎంవీపీ_మబ్బులు:
షుగర్ సంగతి నేను చెప్తా. టెస్టుకి వారం ముందు అన్నం, స్వీట్లు బంద్. ఫారంలో మందుల దగ్గర 'లేదు' అని రాసెయ్. మా బావమరిది అలాగే పాసయ్యాడు. ఇందులో పెద్ద బ్రహ్మవిద్య ఏం లేదు.

పెందుర్తి_స్టెత్:
బ్రహ్మవిద్య లేదు కానీ హెచ్‌బీఏ1సీ అని ఒక టెస్టు ఉంది. వారం అన్నం మానేస్తే ఫాస్టింగ్ తగ్గుతుంది. ఇది మాత్రం గత రెండు మూడు నెలల లెక్క మొత్తం చెప్పేస్తుంది.

అయినా దాచాల్సిన అవసరం ఏముంది? ఇకావో అనెక్స్ 1, అంటే పైలట్ లైసెన్సుల నిబంధనల ప్రకారం ఇన్సులిన్ వాడేవాళ్ళే అన్‌ఫిట్. ఆహారంతోనో, విమానం నడపడానికి ఇబ్బంది లేని మాత్రలతోనో షుగర్ అదుపులో ఉంటే ఫిట్ ఇచ్చే వీలుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ ఒక్కసారిగా పడిపోయే భయం దాదాపు లేదు. గ్లైమిపిరైడ్ లాంటి మందు కలిస్తేనే వేరే కథ, షుగర్ మరీ పడిపోవచ్చు. చెమటలు, చేతుల వణుకు, చూపు మసకబారడం, తర్వాత మాట తడబడడం. సోలో సర్క్యూట్‌లో ఫైనల్ మీద, అంటే ఒంటరిగా ఎగురుతూ రన్‌వే మీద దిగబోతూ ఉన్నప్పుడు అదొస్తే పక్క సీట్లో ఎవరున్నారు?

గాలిపటం గారూ, మాత్రల స్ట్రిప్ తిరగేసి చూడండి. బ్రాండు పేరు పక్కన జీపీ, ఎం1, ఎం2 లాంటివి ఉంటే కింద చిన్న అక్షరాలు కూడా చదవండి.

ఎంవీపీ_మబ్బులు:
డాక్టర్లు మొదలెట్టారు ఉపన్యాసం. షుగర్ ఉన్నవాళ్ళు బస్సులు నడపట్లేదా? అమెరికాలో ప్రైవేట్ పైలట్లకి మెడికలే ఎత్తేశారు. ఇక్కడే మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చాదస్తం.

డేగా_మాజీ:
బాబూ, ఎత్తేయలేదు. 2017 మేలో వచ్చిన దాని పేరు బేసిక్‌మెడ్. 2006 జూలై 14 తర్వాత ఒక్కసారైనా ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) మెడికల్ పాసై ఉండాలి. నాలుగేళ్ళకోసారి మామూలు డాక్టర్ దగ్గర పరీక్ష, రెండేళ్ళకోసారి ఆన్‌లైన్ కోర్సు. 18,000 అడుగుల లోపు, 250 నాట్ల లోపు, డబ్బు తీసుకుని ఎక్కించుకోకూడదు. ఐఎన్ఎస్ డేగాలో, అంటే వైజాగ్ నేవీ ఎయిర్ స్టేషన్‌లో, ఏళ్ళ తరబడి పనిచేసినవాణ్ణి, నేను చూసినన్ని ఫ్లైట్ మెడికల్స్ నువ్వు సినిమాలు కూడా చూసి ఉండవు.

సెస్నా_చిన్నోడు:
మీరు పైలట్టా సార్?

డేగా_మాజీ:
ఇంజిన్లు చూసేవాణ్ణి. నా సంతకం పడకపోతే పైలట్ కూడా మెట్ల దగ్గరే నిలబడాలి.

ఎంవీపీ_మబ్బులు:
అదీ సంగతి. రెంచి పట్టుకున్నాయన మెడికల్ చెప్తున్నాడు.

పెందుర్తి_స్టెత్:
మనిషి మీద కాదు, మాట మీద మాట్లాడండి. 2015లో జర్మన్‌వింగ్స్ కో-పైలట్ కూడా డాక్టర్లిచ్చిన సిక్ నోటు దాచాడు, విమానాన్ని కావాలనే కొండల్లో కూల్చేశాడు. 150 మంది పోయారు.

ఎంవీపీ_మబ్బులు:
అది ఎయిర్‌లైన్, పైగా మానసిక సమస్య. రెండు సీట్ల బండికీ దానికీ పోలికేంటండీ?

పెందుర్తి_స్టెత్:
రెండు సీట్ల బండి కింద కూడా ఇళ్ళుంటాయి. తప్పుడు డిక్లరేషన్ బయటపడితే లైసెన్సు పోతుంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళకి అదే సాకు. మీ బావమరిదికి చెప్పండి.

ఎంవీపీ_మబ్బులు:
మా బావమరిది జోలికి రాకండి.

సీతమ్మధార_అమ్మ:
మీరంతా క్లాస్ 2 దగ్గరే ఆగిపోయారు. మా అబ్బాయి సీపీఎల్‌కి, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సుకి, క్లాస్ 1 మెడికల్ కోసం వెళ్తే ముక్కు దూలం వంకరని టెంపరరీ అన్‌ఫిట్ రాశారు. వెళ్ళిన చోటు పేరు చెప్పను. పొద్దున్న ఏమీ తినకుండా వెళ్ళిన పిల్లాడు సాయంత్రం దాకా ఒక గది నుంచి ఇంకో గదికి తిరిగాడు, ఒక్కరు ఆపరేషన్ కావాలా వద్దా చెప్పలేదు. ఇంటికొచ్చి ఈఎన్‌టీ దగ్గర చేయించాం. మళ్ళీ పరీక్ష, ఫిట్. కమర్షియల్ ఆలోచన ఉన్నవాళ్ళు పీపీఎల్ దశలోనే క్లాస్ 1 చేయించుకోండి, 200 గంటలు ఎగిరాక గుండె ఆగేలాంటి కబురు వినక్కర్లేదు.

రుషికొండ_రంగులు:
మీ అబ్బాయికి ఆపరేషన్‌తో పోయింది అమ్మా. నాది కళ్ళల్లోనే ఉంది. రంగులు గుర్తుపడతామో లేదో చూసే ఇషిహారా పుస్తకంలో చుక్కల మధ్య అంకె అందరికీ కనిపిస్తుంది, నాకు ఒట్టి చుక్కలే. బైక్ మీద జగదాంబ సిగ్నల్ దగ్గర ఒక్కసారి కూడా పొరబడలేదు.

సెస్నా_చిన్నోడు:
ఇషిహారాతో కథ అయిపోలేదు. విమానయానంలో వాడే రంగు లైట్లు గుర్తుపట్టగలనని లాంతర్ టెస్టులో తేలితే ఫిట్ అవ్వచ్చు. అదీ పోతే క్లాస్ 2కి పగటిపూట మాత్రమే అన్న షరతు అనెక్స్ 1లోనే ఉంది. 'అన్‌ఫిట్' కాగితం చూసి ఇంట్లో కూర్చోకు.

రుషికొండ_రంగులు:
ఈ ముక్క నాకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

మధురవాడ_మల్టీరోటర్:
ఇంత గొడవెందుకు, డ్రోన్ కొనుక్కోండి. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్టే అక్కర్లేదు.

డేగా_మాజీ:
వైజాగ్‌లోనా? నేవీ స్థావరాలున్న ఊరు. బీచ్‌లో పెళ్ళి షూటింగ్ అని ఎగరేసి తర్వాత స్టేషన్లో కూర్చుంటారు. ముందు మ్యాప్‌లో రెడ్ జోన్ (అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడని చోటు) చూసుకోండి.

మధురవాడ_మల్టీరోటర్:
చూసే ఎగరేస్తాను సార్. అన్నట్టు, భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టులోనైనా ఎవరన్నా ఫ్లయింగ్ క్లబ్ పెడితే బాగుణ్ణు.

సెస్నా_చిన్నోడు:
డేగా రన్‌వే నేవీది, అక్కడ దిగీ దిగగానే మళ్ళీ ఎగిరే మన టచ్ అండ్ గోలకి చోటెక్కడ? భోగాపురంలో మాత్రం ఎయిర్‌బస్సుల మధ్య మన చిన్న సెస్నా విమానాన్ని వంతు కోసం ఎంతసేపు హోల్డింగ్‌లో నిలబెడతారో చూడాలి.

గాజువాక_గాలిపటం:
స్ట్రిప్ చూశాను. గ్లైమిపిరైడ్ 1 ఎంజీ, మెట్‌ఫార్మిన్ 500 ఎంజీ. మందుల షాపులో అడిగితే 'అదే కదండీ షుగర్ మాత్ర' అన్నాడు.

పెందుర్తి_స్టెత్:
మీ అంతట మీరు మానేయకండి. మందు రాసిన డాక్టర్ దగ్గరికెళ్ళి విమానం సంగతి చెప్పి, గ్లైమిపిరైడ్ లేకుండా అదుపు చేయగలరేమో అడగండి. మందు మారితే కొన్ని నెలలు చూసి, ఆ రిపోర్టులన్నీ పట్టుకుని మెడికల్‌కి వెళ్ళండి. ఎగ్జామినర్ల జాబితా డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఉంటుంది, మారుతూ ఉంటుంది కాబట్టి ఫోన్ చేసి వెళ్ళండి.

ఎంవీపీ_మబ్బులు:
ఇంత తతంగం అయ్యేసరికి ఆయనకి యాభై వస్తాయి.

గాజువాక_గాలిపటం:
రానివ్వండి. డాక్టర్ గారూ, శనివారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

అనకాపల్లి_ఆల్టిమీటర్:
కొత్తగా చేరాను. ఎడమ చెవి కొంచెం తక్కువగా వినపడుతుంది. ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) ఎవరైనా చేయించుకున్నారా?

డేగా_మాజీ:
ఇంజిన్ల పక్కన బతికినవాణ్ణి, చెవుల గురించి నన్నడుగు.