పాముపొడ తెగులు: నీళ్లు నిలిచే చేలో సూడోమోనాస్ పనిచేస్తుందా?

తణుకు రైతు:
సార్వాలో స్వర్ణ వరి వేస్తాను. పిలకల దశ దాటాక ఏటా పాముపొడ తప్పడం లేదు. ఈసారి దుకాణంలో హెక్సాకొనజోల్ అనే శిలీంధ్రనాశక మందు బదులు సూడోమోనాస్ పొడి తీసుకోమంటున్నారు. నేలలో ఉండే మంచి బ్యాక్టీరియా, తెగులును అదే అణచివేస్తుందట. వాడినవారు చెప్పండి.

పాలకొల్లు కౌలు రైతు:
నిరుడు వాడాను. మచ్చలు పై ఆకులకు ఎక్కుతున్నప్పుడు పిచికారీ చేశాను, తెగులు ఆగలేదు. పైగా ఆ పొడి కరపత్రం చూడండి: ఈ బ్యాక్టీరియా మట్టిలోని ఇనుమును లాగేసుకుని, అది అందకుండా చేసి శిలీంధ్రాన్ని మాడుస్తుందట! నీళ్లు నిలిచిన మన మడిలో ఇనుము కరిగి కావలసినంత దొరుకుతుంది. ఆ కథ మెట్ట రైతులకు చెప్పుకోవాలి.

అమలాపురం వ్యవసాయ విద్యార్థి:
ఇనుము విషయంలో మీ మాట నిజమేనండి. కానీ దాని పని అదొక్కటే కాదు. వేరు మీద ముందే స్థిరపడి శిలీంధ్రానికి గిట్టని పదార్థాలు వదులుతుంది, మొక్క సొంత రక్షణను మేల్కొలుపుతుంది. రెండూ తెగులు రాకముందు జరగవలసినవి. పాముపొడను తెచ్చే రైజోక్టోనియా శిలీంధ్రం గట్టి ఉండలుగా మట్టిలో దాగి ఉండి, దమ్ము చేసినప్పుడు పైకి తేలి, నీటిమట్టం దగ్గర దుబ్బును అంటుకుంటుంది. మన దగ్గర నీరు మడి నుంచి మడికి పారుతుంది కనుక పక్క చేలోని ఉండలూ మనకే వస్తాయి. ఆకు తొడుగులోకి దిగిన శిలీంధ్రాన్ని పైన చల్లిన పొడి ఏం చేయగలదు? కిలో విత్తనానికి 10 గ్రాములు పట్టించాలి, నాటే ముందు నారు వేళ్లను ఈ పొడి కలిపిన నీళ్లలో ముంచాలి.

ఇక సంచి సంగతి. గ్రాముకు కనీసం 10 కోట్ల సజీవ కణాలు ఉండాలి. ఎండను, వేడిని తట్టుకునే సిద్ధబీజాలు బ్యాసిల్లస్ అనే మరో బ్యాక్టీరియాకు ఉన్నాయి, సూడోమోనాస్‌కు లేవు. మే నెలంతా రేకుల షెడ్డులో పడి ఉన్న సంచిలో మిగిలేది టాల్కం పొడే.

పాలకొల్లు కౌలు రైతు:
విత్తనానికి పట్టించడం చౌకే, కాదనను. అయితే బస్తా మీద బస్తా యూరియా వేసి, ఒత్తుగా ఊడ్చిన చేనును ఏ బ్యాక్టీరియా కాపాడుతుంది? దుకాణంలో ఆ మాట ఎవరూ చెప్పరు. పంట పోతే కౌలు కట్టవలసింది నేను.

తణుకు రైతు:
సరే. ఈసారి విత్తనానికి పట్టిస్తాను, యూరియా తగ్గిస్తాను, దుబ్బుల మధ్య ఎడం పెంచుతాను. హెక్సాకొనజోల్ మాత్రం ఇంట్లో ఉంచుకుంటాను. నీటిమట్టం దగ్గర మచ్చ కనబడిన రోజున లీటరుకు 2 మిల్లీలీటర్లు కలిపి కొట్టేస్తాను.