కోల్‌కతాలో భోజనం కోసం బెంగాలీ నేర్చుకోవాలా, హిందీ చాలదా?

బదిలీ బాబు: వచ్చే నెల నుంచి ఉద్యోగం కోల్‌కతాలో. నేను చేప తింటాను, నాతో వస్తున్న అమ్మ గుడ్డు కూడా ముట్టదు. ఆఫీసువాళ్లు హిందీ చాలంటున్నారు. తిండి కోసమే ఒక భాష నేర్చుకోవడం అవసరమా, వృథా శ్రమా? అక్కడ ఉన్నవాళ్లు చెప్పగలరు.

పార్క్ స్ట్రీట్ పక్షి: వృథా శ్రమే. పార్క్ స్ట్రీటులో మెనూ ఇంగ్లీషులో ఉంటుంది. బడాబజారులో అందరూ హిందీలోనే మాట్లాడతారు. బిర్యానీ కావాలా? 1856లో లక్నో నుంచి వచ్చి మటియాబుర్జులో స్థిరపడిన నవాబు వాజిద్ అలీ షా పేరు చెప్పుకునే బిర్యానీ అది, బంగాళాదుంపతో సహా. ఆ దుకాణాల్లో హిందీ, ఉర్దూ చక్కగా చెల్లుతాయి. ఇక బెంగాలీ ఎందుకు?

బొచ్చె చేప: ఇంగ్లీషు మెనూ చూసి తినడానికి అంత దూరం వెళ్లాలా? పైస్ హోటళ్ల (చవకగా అన్నం, చేప పెట్టే పాతకాలపు బెంగాలీ భోజనశాలల) సంగతి చెప్పరేమి? కాలేజ్ స్ట్రీట్ దగ్గరి స్వాధీన్ భారత్, జాన్‌బజారులోని సిద్ధేశ్వరీ ఆశ్రమ్ లాంటివి. అక్కడ ప్రతి పదార్థానికీ విడి ధర, అరిటాకుకు కూడా. ఏ రోజు వంటకాలు ఆ రోజు పలక మీద బెంగాలీలో రాస్తారు.

‘ఆజ్ కీ మాఛ్ ఆఛే’ (ఈరోజు ఏ చేపలున్నాయి) అని అడగడం ఎవరికైనా ఒక పూటలో వస్తుంది. చిక్కంతా జవాబుతోనే. వడ్డించేవాడు రుయి, కాత్లా, పాబ్దా, పార్శే, భేట్కి, ఇలిష్ అని ఊపిరి తిప్పుకోకుండా చదివేస్తాడు. మీరు తెల్లముఖం వేస్తే రుయి ఝోల్ (పలచని పులుసు) తెచ్చి ముందు పెడతాడు. అందుకే వాక్యాలకంటే ముందు చేపల పేర్లు పట్టుకోండి. రుయి మన శీలావతి, కాత్లా బొచ్చె, భేట్కి పండుగప్ప. ఇలిష్ గోదావరికి ఎదురీదితే మనకు పులస. ఆ రుయిలో చాలా భాగం భీమవరం, కొల్లేరు వైపు నుంచి ఐసు పెట్టెల్లో వెళ్లిన సరుకే. దాన్ని ‘చాలాని’ అంటారు, స్థానిక చేప కన్నా కాస్త చిన్నచూపు. మన చెరువు చేపను వాళ్ల పేరుతో అడిగి తినాలన్నమాట!

లెక్కల మాస్టారు: అంకెలు మరవకండి. బెంగాలీ నాలుగు అచ్చం మన 8లా, ఏడు దాదాపు 9లా ఉంటాయి. పలక మీద 80 అనుకున్నది నిజానికి 40 కావచ్చు. అక్షరాలు రాకపోయినా పది అంకెలు గుర్తుపడితే ధరలు తెలుస్తాయి. లిపి అంతా నేర్చుకోమంటే నేను ఒప్పుకోను, హోటల్లో తినేవాడికి అంత అక్కర్లేదు.

పార్క్ స్ట్రీట్ పక్షి: సరే, చేపల పేర్లు ఒప్పుకుంటాను. కానీ అమ్మగారికి ‘నిరామిష్’ (శాకాహారం) అన్న ఒక్క మాట చాలదా?

తులసికోట: చాలదండీ! నేను శాకాహారిని, ఆ ఊళ్లో కాపురం చేశాను. వాళ్ల లెక్కలో నిరామిష్ అంటే ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. వినడానికి మనకు మరీ మంచిదే. కానీ కాళీపూజ ప్రసాదంగా ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండే మేక మాంసాన్ని ‘నిరామిష్ మాంగ్షో’ అంటారు! ఆ ఒక్క మాట నమ్ముకుని కూర్చోకూడదు.

పైగా చేప ఎక్కడ దాక్కుంటుందో చెప్పలేం. పెసరపప్పులో చేప తల వేస్తారు, బచ్చలికూరలో ఇలిష్ తల, సొరకాయలో రొయ్యలు. పప్పే కదా అని హిందీలో ‘దాల్’ అడిగితే అదే వస్తుంది. ‘మా మాఛ్, మాంగ్షో, డిమ్ కిఛు ఖాన్ నా’ (అమ్మ చేప, మాంసం, గుడ్డు ఏవీ తినరు) అని మొదటే చెప్పండి. గిన్నె వచ్చాక ‘ఏతే మాఛ్ ఆఛే?’ (ఇందులో చేప ఉందా) అని మళ్లీ అడగండి. లుచి (మైదా పూరీ), ఛోలార్ డాల్ (శనగపప్పు), ఆలూర్ దోమ్ (బంగాళాదుంప కూర) దొరికితే కొంత నిశ్చింత. నన్నడిగితే బాబుగారికంటే అమ్మగారికే భాష అవసరం.

ఖరగ్‌పూర్ కాలనీ: మా ఊరు రండి, ఈ తగువే ఉండదు. రైల్వే పనుల కోసం తరాల క్రితం వచ్చిన తెలుగువాళ్లం ఇక్కడ చాలామందిమి ఉన్నాం. 2020లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది కూడా. నా మాట ఒకటే, బెంగాలీ మనకు హిందీ కన్నా సులువు. క్రియకు ఆడ, మగ తేడా లేదు. మన మీరు, నువ్వులాగే ఆప్ని, తుమి ఉన్నాయి. వడ్డించేవాడు చిన్నవాడైనా ‘దాదా, ఆర్ ఏక్‌టు భాత్ దిన్’ (అన్నయ్యా, ఇంకాస్త అన్నం పెట్టండి) అనండి. ‘దావో’ అంటే చనువు ఎక్కువైనట్టు.

కువైట్ మెస్సు: యూట్యూబులో పాఠాలు వెతికేటప్పుడు జాగ్రత్త. నా గదిలోవాళ్లు బంగ్లాదేశీయులు, నేను వాళ్ల దగ్గర నేర్చుకున్నాను. వాళ్లు నీళ్లను ‘పానీ’, మిరపకాయను ‘మోరిచ్’, ఉప్పును ‘లోబోన్’ అంటారు. కోల్‌కతాలో అవే ‘జోల్’, ‘లొంకా’, ‘నూన్’. అర్థం కాకపోదు గానీ, ఏ ఊరి బెంగాలీయో చూసి మొదలుపెట్టండి.

పార్క్ స్ట్రీట్ పక్షి: ఫోను అనువాదం చేస్తుంది కదా, ఇంత హడావుడి ఎందుకు?

బొచ్చె చేప: మధ్యాహ్నం ఒంటిగంటకు పైస్ హోటల్లో వెనక నలుగురు మీ కుర్చీ కోసం నిలబడి ఉండగా ఫోను తీసి చూడండి, తెలుస్తుంది.

బదిలీ బాబు: అందరికీ ధన్యవాదాలు. చేపల పేర్లు, అంకెలు, తులసికోట గారి రెండు వాక్యాలు రాసుకున్నాను. అమ్మకు ఆవనూనె వాసన పడదు. అది వద్దని ఎలా చెప్పాలి?

తులసికోట: ‘శోర్షేర్ తేల్ ఛాడా’ అనాలి. అనండి, వాళ్లు నవ్వి తలూపుతారు, కూర మాత్రం ఆవనూనెతోనే వస్తుంది. దానికి ఏ భాషా పనిచేయదు. అమ్మగారికి స్టవ్వు కొనిపెట్టండి.