అప్‌డేట్: అమ్మ క్షేమంగా దిగిందండీ

మొన్న అడిగాను కదా, అమ్మ టికెట్‌లో దుబాయ్‌లో పొద్దున్న 9కి ఎక్కితే శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే రోజు మధ్యాహ్నం 1:40కి దిగుతుందని ఉంది, 13,000 కిలోమీటర్లు నాలుగున్నర గంటల్లో ఎలా వెళ్తుందీ అని. మీరు చెప్పిందే కరెక్టు, రెండూ అక్కడక్కడి లోకల్ టైములంట, ఇప్పుడు ఎండాకాలం కాబట్టి శాన్‌ఫ్రాన్సిస్కోలో గడియారం గంట ముందుకి జరిపి ఉంటుందట, అలా అక్కడ దుబాయ్ కంటే 11 గంటలు వెనక, అది కలిపితే 15 గంటల 40 నిమిషాలు, అంటే గాల్లో ఉన్నంతసేపు గంటకి 800 పైనే లెక్క. ఆయ్, నా లెక్కే తప్పు.

అమలాపురం నుంచి మధురపూడి ఎయిర్‌పోర్టుకి కారులో, అక్కణ్ణుంచి హైదరాబాద్, తర్వాత దుబాయ్. అమ్మకి వింతగా అనిపించిందేంటంటే సీటు ముందు టీవీలో మ్యాపు, విమానం పడమటికి పోతుందనుకుంటే తిన్నగా ఉత్తరానికి, ధ్రువం పక్కకి పోతోందట, "దారి తప్పాడేమోరా అనుకున్నా" అంది ఫోన్లో. మనవరాలి గ్లోబు మీద రెండు ఊళ్ళకీ దారం లాగి చూశాను, నిజంగానే అటే దగ్గర!

ఆత్రేయపురం పూతరేకులు మాత్రం సగం పొడైపోయాయి. అయినా చెల్లి చెంచాతో తింటోందంట.