పొట్టి గొట్టం, రేకుల కప్పు: ప్లగ్, మఫ్ రెండూ తప్పనిసరి చేయాలా?

మధురవాడ పిస్తోలు

మా షూటింగ్ రేంజిలో ఒక కొత్త నియమం మీద పెద్ద వాదన నడుస్తోంది. కాల్పుల వరుసలో నిలబడే ప్రతి ఒక్కరూ చెవి రంధ్రంలో దూర్చే ప్లగ్ పెట్టుకుని, దాని మీద చెవి మొత్తాన్ని కప్పే మఫ్ కూడా వేసుకోవాలన్నది ప్రతిపాదన. ఇప్పటిదాకా రెండింటిలో ఏది ఉన్నా చాలు.

స్థలం ఎలా ఉంటుందో చెబితే గానీ సంగతి అర్థం కాదు. పైన రేకుల కప్పు, రెండు పక్కలా కాంక్రీటు గోడలు, ఎదురుగా మట్టి దిబ్బ. వారమంతా .22 పిస్తోళ్లు, అంటే అంగుళంలో సుమారు 0.22 వంతు వ్యాసమున్న చిన్న తూటావి. ఆదివారం లైసెన్సుదారులు .32 రివాల్వర్లు తెచ్చుకుంటారు. ఈ మధ్య ఒక పెద్దమనిషి మూతికి కాంపెన్సేటర్ (గొట్టం ఎగరకుండా వాయువును మళ్లించే భాగం) బిగించిన పిస్తోలుతో వస్తున్నారు. ఆయన పక్క వరుసలో నిలబడితే పళ్లు కూడా అదురుతాయి.

నేను నియమానికి అనుకూలం. .22 కదా, చిటపట తప్ప ఏముంది అనేవారికి ఒక మాట. అదే తూటాను రైఫిల్లో కాలిస్తే చెవి దగ్గర 140 డెసిబెల్స్ ప్రాంతంలో ఉండే చప్పుడు, పిస్తోలుకు వచ్చేసరికి 150 చేరుతుంది. తూటా మారలేదు, అందులో మందు మారలేదు. గొట్టం కురచ అయింది.

మా మాస్టారు వద్దంటున్నారు. ఆయన ఈ చర్చలోనే ఉన్నారు కాబట్టి ఆయన వాదన ఆయనే చెబితే న్యాయం.

కంచరపాలెం మాస్టారు

చెబుతానమ్మా. చెవులు పోయినా ఫరవాలేదని నేను అనడం లేదు. నా భయం వేరు. కొత్తగా వచ్చిన పిల్లవాడికి రెండూ తొడిగి నిలబెట్టాను. ‘స్టాప్’ అన్నాను, వినబడలేదు. మళ్లీ గట్టిగా అన్నాను. ఏదో అంటున్నారని మాత్రం తెలిసింది, ఏమన్నానో తెలియలేదు. ‘ఏమిటి సార్’ అంటూ నావైపు తిరిగాడు. మనిషితోపాటు చేతిలోని పిస్తోలు కూడా తిరిగింది. వేలు ట్రిగ్గర్ మీద లేదు కాబట్టి సరిపోయింది. చెవిలో హోరుకు మందు లేదంటారు, ఒప్పుకుంటాను. కడుపులో దిగిన తూటాకు ఉందా?

ఒక్క మంచి మఫ్ ఉంటే .22 పిస్తోలుకు చాలునన్నది నా అభిప్రాయం. రివాల్వర్ల వాళ్లు రెండూ పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి. అందరికీ తప్పనిసరి అనడమే నాకు నచ్చడం లేదు.

పాత గన్నర్

నౌకాదళంలో ఫిరంగుల దగ్గర పనిచేసి బయటికొచ్చినవాణ్ని. మాస్టారి మాటలో బలం ఉంది. కానీ పొట్టి గొట్టం ఏమి చేస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చాలామంది చప్పుడంతా తూటా పరిమాణాన్ని బట్టే ఉంటుందనుకుంటున్నారు.

గొట్టంలో మందు మండి వాయువు తూటాను తోస్తుంది. గొట్టం పొడవుగా ఉంటే తూటా బయటపడేలోగా ఆ వాయువు వ్యాకోచించి, దాని ఒత్తిడి చాలావరకు దిగిపోతుంది. పొట్టిగా ఉంటే ఒత్తిడి ఇంకా బలంగా ఉండగానే తూటా మూతి దాటుతుంది, దాని వెనుక వాయువంతా ఒక్కసారిగా బయటికి దూకుతుంది. పూర్తిగా కాలని మందు బయట గాలిలో మండుతుంది. సాయంత్రం కాలిస్తే మూతి దగ్గర కనిపించే మంటకు అదీ ఒక కారణం. ఇక దూరం సంగతి. ఆరుబయట దూరం రెట్టింపైతే చప్పుడు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. పొడుగు రైఫిల్లో ఆ మూతి ముఖానికి ఎంత దూరంలో ఉంటుందో చూడండి. అదే రైఫిల్ గొట్టాన్ని సగానికి కోస్తే ఒత్తిడీ పెరుగుతుంది, అది చెవి దగ్గరికీ వస్తుంది. రెండు దెబ్బలూ ఒకేసారి.

కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారంలో తయారయ్యే .32 రివాల్వర్ గొట్టం సాధారణంగా మూడు అంగుళాలు. రివాల్వర్‌కు ఇంకో పీడ కూడా ఉంది. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సన్నని సందు ఉంటుంది కదా, అక్కడి నుంచి వాయువు పక్కలకు కొడుతుంది. ఆ సందు మూతికన్నా మన ముఖానికి దగ్గర.

కాంపెన్సేటర్ గురించి కూడా చెప్పి ముగిస్తాను. గొట్టం ఎగరకుండా అది వాయువును పైకీ పక్కలకూ మళ్లిస్తుంది. కాల్చేవాడి మణికట్టుకు సుఖం, పక్కవాడి చెవికి శాస్తి. ఆయన్ను చివరి వరుసకు పంపండి. గోడ పక్కన కాకుండా, గోడ లేని చోటు దొరికితే ఇంకా మేలు.

కుర్రగురి

ఇంత తతంగం ఎందుకు? సైలెన్సర్ అనుమతిస్తే పోయేదానికి. ఫిన్లాండ్‌లో వేటగాళ్లు చెవుల కోసమే వాడుతున్నారు.

ఉక్కునగరం

బాబూ, ఫిన్లాండ్ చట్టం ఫిన్లాండ్‌కు. మన ఆయుధ నియమాల్లో చప్పుడును, మంటను తగ్గించే ఉపకరణాలు నియంత్రిత వర్గంలో ఉన్నాయి. మామూలు లైసెన్సుదారు దుకాణానికి వెళ్లి కొనుక్కునే వస్తువు కాదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్‌ఎస్‌ఎఫ్ నడిపే .22 పిస్తోలు పోటీల్లో కాంపెన్సేటర్‌నే ఒప్పుకోరు, సైలెన్సర్ మాట ఎత్తనే వద్దు. పోనీ చట్టం మారిందనుకుందాం. అది తగ్గించేది సుమారు 20 నుంచి 35 డెసిబెల్స్. 160 ఉన్న చప్పుడు 130 దగ్గర ఆగుతుంది. మఫ్ అప్పుడూ కావాలి. రివాల్వర్‌కైతే గన్నర్ గారు చెప్పిన ఆ సందు అలాగే ఉంటుంది, మూతికి ఏమి బిగించినా ఒకటే.

నిర్వాహకుడు

సైలెన్సర్ చర్చ ఇంతటితో ఆపుదాం. ఇంట్లో తయారుచేయడం గురించి ఎవరు రాసినా ఆ సందేశం తీసేస్తాను. అసలు ప్రశ్నకు రండి.

కంచరపాలెం మాస్టారు

అసలు ప్రశ్నకే వస్తున్నాను. ఉక్కునగరం గారూ, మీరు కర్మాగారంలో భద్రతా విభాగంలో పనిచేశారు కదా. 25 డెసిబెల్స్ తగ్గిస్తుందని పెట్టె మీద ముద్రించిన మఫ్ ఉంది. 150లో 25 తీసేస్తే 125. అందరూ చెప్పే హద్దు 140. మరి ఇంకేమి కావాలి?

ఉక్కునగరం

మాస్టారూ, ఆ 25 ప్రయోగశాలలో వచ్చిన సంఖ్య. అక్కడ మనిషిని కూర్చోబెట్టి, మఫ్‌ను సరిగ్గా అమర్చి కొలుస్తారు. కర్మాగారంలో పని చేసేటప్పుడు అలా ఎవరూ పెట్టుకోరు. అందుకే అమెరికాలో వృత్తి ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ 1998లో ఆ ముద్రించిన సంఖ్యలో మఫ్‌కు పావు వంతు, స్పాంజి ప్లగ్‌కు సగం కోత వేయమంది. 25 మఫ్ 19 దగ్గరకు, 33 ప్లగ్ 16 దగ్గరకు దిగుతాయి. ఇప్పుడు మీ లెక్క చూడండి. .22కు 131, నిజమే, హద్దులోనే ఉన్నారు. 160 దగ్గర చప్పుడు చేసే పెద్ద పిస్తోలుకు 141. హద్దు దాటింది. పక్క వరుసలో అది పేలుతుంటే మీ .22 పిల్లవాడి చెవికి చేరేది ఏ చప్పుడు?

మన దేశంలో కర్మాగారాలకు కూడా ఒక్కసారిగా పేలే చప్పుడుకు 140 డెసిబెల్సే హద్దు. అది పెద్దవాళ్లకు. పిల్లల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల్లో 120 అని రాసింది. మీ దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది బడి పిల్లలే.

దీపావళి టపాసులకు మన ప్రభుత్వం పెట్టిన హద్దు 145, అదీ నాలుగు మీటర్ల దూరంలో కొలిచి. పిస్తోలు మూతి చెవికి మీటరు దూరంలో కూడా ఉండదు.

రెండూ పెట్టుకుంటే 19, 16 కలిపి 35 అవుతుందనుకోకండి. ఎక్కువ సంఖ్య ఉన్నదానికి ఓ 5 కలుపుకోవాలి, అంతే. ఎందుకంటే చెవి మూసేసినా చప్పుడు పుర్రె ఎముక గుండా లోపలికి చేరుతుంది. ఆ 5 కోసమా ఇంత గొడవ అంటారేమో. 6 డెసిబెల్స్ తగ్గితే చప్పుడు ఒత్తిడి సగానికి సగం పడిపోతుంది, 5 అంటే దాదాపు అంతే. నాకు అది చిన్న విషయంగా కనిపించదు. పైగా మఫ్ ఒక క్షణం పక్కకు జరిగితే లోపల ప్లగ్ ఉంటుంది.

చెవి డాక్టర్

ఆలస్యంగా చూశాను. మాస్టారి పద్ధతిలో పెరిగిన షూటర్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. ‘అలవాటు పడ్డాను డాక్టరమ్మా, మొదట్లో ఉన్నంత చప్పుడు ఇప్పుడు అనిపించదు’ అంటారు. అనిపించకపోవడమే జబ్బు.

పెద్ద చప్పుడు వస్తే మధ్య చెవిలో ఒక చిన్న కండరం బిగుసుకుని కొంత అడ్డుపడుతుంది. కానీ అది బిగుసుకోవడానికి పదుల మిల్లీసెకన్లు పడుతుంది. తుపాకీ చప్పుడు తీవ్రత కొన్ని మిల్లీసెకన్లలో ముగిసిపోతుంది. కండరం లేచేసరికి దొంగ ఊరు దాటేశాడు. లోపలి చెవిలో ఒక్కో వైపు సుమారు 15 వేల రోమకణాలు ఉంటాయి. మనుషుల్లో అవి చనిపోతే మళ్లీ పుట్టవు. ముందు 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడి పడిపోతుంది. మాటలు వినబడుతుంటాయి కాబట్టి ఎవరూ గమనించరు. స, శ, చ వంటి శబ్దాలు మాయమవుతాయి. పూర్ణా మార్కెట్ రద్దీలో ఎవరేమన్నారో అర్థం కాదు, ఇంట్లో మాత్రం ‘నాకు బాగానే వినబడుతోంది, మీరే గొణుగుతున్నారు’ అంటారు. కుడిచేతి వాటం రైఫిల్ షూటర్లకు ఎడమ చెవి ముందు దెబ్బతింటుంది, మూతి వైపు అదే ఉంటుంది కాబట్టి. పిస్తోలును రెండు చేతులతో ఎదురుగా పట్టుకుంటే రెండు చెవులకూ సమానంగా వడ్డన.

కాల్చి వచ్చాక గుయ్యిమంటూ ఉంటే, లేదా చెవి మూసుకుపోయినట్లుంటే, ఒకటి రెండు రోజుల్లోనే చెవి వైద్యుడికి చూపించండి. స్టెరాయిడ్ మందు ఇవ్వాలా అన్నది తొలి రోజుల్లో తేల్చుకోవాల్సిన విషయం, నెల తర్వాత వస్తే మేం చేయగలిగింది చాలా తక్కువ. వెల్లుల్లి వేసి కాచిన నూనె చుక్కలు పోసుకుని మాత్రం రాకండి. దూది కూడా రక్షణ కాదు, ఖాళీ తూటా తొడుగులు అంతకన్నా కాదు.

పాత గన్నర్

ఆ ‘మీరే గొణుగుతున్నారు’ మాట మా ఇంట్లో రోజూ వినబడుతుంది. అనేది నేనే.

మధురవాడ పిస్తోలు

సంఖ్యలకన్నా ముందు సరిగ్గా పెట్టుకోవడం నేర్పాలి మాస్టారూ. మన రేంజిలో స్పాంజి ప్లగ్‌ను బటన్ నొక్కినట్లు చెవి గుమ్మంలో అదిమి వదిలేస్తారు. సగం బయటే ఉంటుంది. శుభ్రమైన వేళ్లతో సన్నగా, ముడత లేకుండా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగి, లోపలికి జార్చి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాలి. ఎదుటివాళ్లకు ప్లగ్ చివర దాదాపు కనిపించకూడదు.

మఫ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అమ్మాయిలం బుట్ట కమ్మలతో వస్తాం, జడ ఒక పాయ కప్పు కింద ఇరుక్కుంటుంది. కళ్లద్దాల కాడ మందంగా ఉంటే అక్కడ సందు. విశాఖ ఉక్కపోతకు, చెమట ఉప్పుకు మెత్తలు గట్టిపడి పగులుతాయి, ఎవరూ మార్చరు. అలాంటి మఫ్ ఒక్కటే ఉంటే చాలునని ఎలా అంటారు?

ఇంకొకటి. రెండూ పెట్టుకున్నప్పటి నుంచి ట్రిగ్గర్ నొక్కే ముందు నా ఉలికిపాటు బాగా తగ్గింది. గురి మీద నా తూటాలు పడే గుంపు చిన్నదైంది. మీరే చూశారు.

కంచరపాలెం మాస్టారు

చూశాను, కాదనను. ఉలికిపాటు సగం చప్పుడుదే. డాక్టరమ్మ చెప్పినదీ విన్నాను. కానీ నా ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. ఆజ్ఞ వినబడకపోతే?

కుర్రగురి

చిన్న చప్పుడు పెంచి, పెద్ద చప్పుడు ఆపే ఎలక్ట్రానిక్ మఫ్ వాడవచ్చు కదా మాస్టారూ. లోపల ప్లగ్ ఉన్నా శబ్దం పెంచుకుంటే మాట అందుతుంది.

కంచరపాలెం మాస్టారు

సాధనకు సరే. ఐఎస్‌ఎస్‌ఎఫ్ పోటీల్లో షూటర్‌కు అలాంటివి ఒప్పుకోరు. ఇక్కడ దానికి అలవాటు పడి, అక్కడ మామూలు మఫ్‌తో నిలబడితే పిల్ల కంగారు పడుతుంది. ధర కూడా చూడు నాయనా.

ఉక్కునగరం

అయితే చెవి మీద ఆధారపడకండి. రోలింగ్ మిల్లులో ఎవరి కేక ఎవరికి వినబడుతుంది? దీపాలు, చేతి సైగలు. రేంజిలో ప్రతి వరుస ఎదుట గురి వైపు చూస్తున్నప్పుడే కంట పడేలా ఎర్ర దీపం పెట్టండి. ఎరుపు వెలిగితే పిస్తోలు బల్ల మీద, చేతులు వెనక్కి. ఆజ్ఞ నోటితోనూ చెప్పండి, దీపంతోనూ చెప్పండి. కొత్తవాడి వెనుక ఒక మనిషి నిలబడి భుజం తట్టాలి. భుజం తడితే తిరగకూడదు, పిస్తోలు దించాలి. ఇది మొదటి రోజే, ఖాళీ పిస్తోలుతో నేర్పవచ్చు.

రేకుల కింద స్పాంజి అంటిస్తామని ఎవరో అంటున్నారట. వద్దు. కాలని మందు ధూళి అందులో పేరుకుంటుంది, అది అంటుకునే సరుకు. మన తేమకు బూజు కూడా పడుతుంది. తుడవడానికి వీలైన, మంట అంటని పలకలు ఉంటే చూడండి, లేదా వీలైనంత మేర కప్పే ఎత్తివేయండి.

కంచరపాలెం మాస్టారు

కప్పు ఎత్తేస్తే ఆషాఢం నుంచి కార్తీకం దాకా కాల్చేది ఎవరు? తుపాను వస్తే బల్లలు కూడా మిగలవు.

దీపాల మాట బాగుంది. దీపాలు, భుజం తట్టే మనిషి ముందు వస్తే, రెండు రక్షణల నియమానికి నేను అడ్డం రాను. ముందు నియమం, దీపాలు తర్వాత అంటే మాత్రం కమిటీలో లేచి వ్యతిరేకిస్తాను. ఈలోగా బడి పిల్లలెవరూ ఆదివారం రివాల్వర్ల వేళకు రాకూడదు, ఇది రేపటి నుంచే. కాంపెన్సేటర్ పెద్దమనిషికి చివరి వరుస సంగతి గన్నర్ గారు చెబితే బాగుంటుంది, నా మాట ఆయన వినరు.

పాత గన్నర్

చెబుతాను. ఆయన కూడా రెండోసారి అడిగితే గానీ వినిపించుకోరు, కాబట్టి కాగితం మీద రాసి తీసుకెళ్తాను.

మధురవాడ పిస్తోలు

దీపాల ఖర్చుకు ఎలక్ట్రీషియన్‌తో లెక్క వేయించి కమిటీ ముందు పెడతాను. ఉక్కునగరం గారూ, దీపం నిలువుగా ఎంత ఎత్తులో ఉండాలి? పిస్తోలు ఎత్తినప్పుడు చేయి అడ్డురాకుండా చూసుకోవాలి కదా.