మన జట్టు ఢిల్లీకి పోయింది, ఇప్పుడు ఎవర్ని మనవాళ్లు అనుకోవాలి?

పసుపు_చొక్కా:

అందరికీ నమస్తే. చాలా రోజులుగా లోపల నలుగుతున్న విషయం, ఇక్కడైనా కక్కేద్దామని రాస్తున్నా.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ మొదలైనప్పటి నుంచి నేను ఈ జట్టుతోనే ఉన్నా. మొదటి మ్యాచ్‌లో కోల్‌కతాలో 5-0తో చితక్కొట్టించుకున్నాం, రెండోది కూడా పోయింది, ఆ తర్వాత గచ్చిబౌలిలో కేరళ బ్లాస్టర్స్‌తో సొంత గ్రౌండ్‌లో తొలి మ్యాచ్. ముందు గోల్ వాళ్లదే. పెనాల్టీతో సమం చేశాం. ఇక డ్రా అనుకుంటుంటే 81వ నిమిషంలో మార్సెలినో ఫ్రీకిక్ వేశాడు. ఆ బంతి గోడ మీదుగా వంగుతూ వెళ్లడం నాకిప్పటికీ కళ్లముందే ఉంది. నా ముందు సీట్లో ఉన్నాయన ఎవరో, పేరు కూడా తెలీదు, వెనక్కి తిరిగి నన్ను వాటేసుకున్నాడు. ఆ సీజన్‌లో మనం అట్టడుగున పదో స్థానంలో ముగించాం, అయినా ఆ ఒక్క రాత్రితో నేను ఇరుక్కుపోయా.

మిగతాది మీకు తెలిసిందే. 2022లో ఐఎస్ఎల్ (దేశంలో పెద్ద ఫుట్‌బాల్ లీగ్) కప్పు, 2023-24లో జీతాల గొడవ, ఆటగాళ్లు ఒక్కొక్కరే సర్దుకుని వెళ్లిపోవడం, 2025లో ఏకంగా ఢిల్లీకి మకాం. పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ.

ప్రశ్న ఏంటంటే, ఇప్పుడు నేనేం చెయ్యాలి? ఆ ఢిల్లీ జట్టునే చూస్తూ కూర్చోవాలా, మన ఊళ్లోని ఇంకో జట్టు శ్రీనిధి డెక్కన్ వైపు వెళ్లాలా, లేక ఫుట్‌బాల్‌కే దండం పెట్టాలా? మీరేం చేస్తున్నారు?

కట్టిమణి_గ్లోవ్స్:

ఢిల్లీ మ్యాచ్ పెట్టుకుని చూశా భయ్యా, పది నిమిషాలు. కట్టేశా. అంతకన్నా చెప్పడానికేం లేదు దాని గురించి.

కానీ 2022 మార్చి 20 గురించి మాత్రం ఎన్నిసార్లైనా చెప్తా. గోవా ఫటోర్డాలో కేరళతో ఐఎస్ఎల్ ఫైనల్. స్టాండ్స్ అంతా పసుపే, కానీ అది కేరళ పసుపు. మన జెర్సీ కూడా పసుపే అయ్యేసరికి మా అమ్మ టీవీ చూసి "మీవాళ్లు ఎంతమంది వచ్చార్రా" అంది. నిజానికి మనవాళ్లు ఒక మూలన ఉన్నారు. కేరళ కుర్రాడు రాహుల్ కేపీ గోల్ కొట్టేశాడు (గచ్చిబౌలిలో 2019లో మనమీద ముందు కొట్టింది కూడా వీడే, గమనించారా?). 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా వాలీ, స్కోరు సమం. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చినవాడు, బయటినుంచి లాగి కొడితే నేరుగా వెళ్లి కూర్చుంది. తర్వాత పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. చివరిది కొట్టింది నార్జరీ. నేను అప్పటికే సోఫా వెనక కూర్చుని ఉన్నా, చూసే ధైర్యం లేక, అరుపులు విని తెలుసుకున్నా.

ఒక్కటే బాధ. కోవిడ్ వల్ల 2020-21, 2021-22 రెండు సీజన్లూ గోవాలోనే. మన ఓగ్బెచె 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ (ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే అవార్డు) తీసుకున్న ఏడాది ఒక్కటంటే ఒక్క గోల్ కూడా గచ్చిబౌలిలో పడలేదు. మన ఊరి జట్టు మన ఊళ్లో లేనప్పుడే ఛాంపియన్ అయింది. దిష్టి తగిలిందంటే నమ్ముతా.

ఫతేమైదాన్_పాతకాపు:

బాబులూ, నాకు అరవై దాటాయి. మీ బాధ నాకర్థమవుతుంది గానీ "మన జట్టు పోయింది" అని మీరు మొదటిసారి అంటున్నారు, నేను రెండోసారి వింటున్నా.

మా నాన్న హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టంటే పడి చచ్చేవాడు. రోవర్స్ కప్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు. బొంబాయి వెళ్లడం, కప్పు పట్టుకురావడం, అదొక పని అన్నట్టు. 1950లోనే డ్యూరాండ్ కప్ కూడా, ఫైనల్‌లో కలకత్తా జట్టు మోహన్ బగాన్‌ని ఓడించి. దీనంతటి వెనక కోచ్ రహీం సాబ్. సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన స్కూల్ టీచర్, తెలుసా? కుర్రాళ్లకి బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలని పోటీలు పెట్టేవాడు, డ్రిబ్లింగ్ చెయ్యకూడదని ఇంకో పోటీ. ఇప్పుడు అకాడమీల్లో డబ్బులు తీసుకుని చేయించేవి ఆయన అప్పుడే చేయించాడు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ బంగారం, మూడింటికీ ఆయనే కోచ్. మరుసటి ఏడాదే క్యాన్సర్‌తో పోయారు.

ఆ జట్టుని ఎవరూ ట్రక్కులో వేసుకుని ఎత్తుకుపోలేదు. మెల్లగా ఎండిపోయింది, అంతే. మంచి ఆటగాడు తయారవడం ఆలస్యం, కలకత్తా పిలిచేది. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లాడు. తర్వాత నయీముద్దీన్, హబీబ్, హబీబ్ తమ్ముడు అక్బర్. 1977లో పీలే అమెరికా జట్టు కాస్మోస్‌తో ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2-2 చేసింది కదా, అందులో ఒకటి హబీబ్ కొట్టిందే. పొద్దున్న పేపర్లో చదివి మా నాన్న ఒకటే మాట అన్నాడు, "మనవాడే, కానీ చొక్కా వాళ్లది."

బలరాం, హబీబ్ ఇద్దరూ 2023లోనే పోయారు. పేపర్లో లోపలి పేజీల్లో చిన్న వార్త.

ఆఫ్‌సైడ్_అప్పారావు:

పెద్దాయన రాసింది రెండుసార్లు చదివా, దండాలు సార్. కానీ నేను కాస్త చేదు మాట చెప్తా, తిట్టుకోకండి.

హైదరాబాద్ ఎఫ్‌సీ ఎలా పుట్టింది? పుణె సిటీ మూతపడితే ఆ ఖాళీలో వచ్చింది. పసుపు_చొక్కా గారూ, మీరు వాటేసుకున్న ఆ ఫ్రీకిక్ కొట్టిన మార్సెలినో ముందు ఏ జట్టులో ఉన్నాడు? పుణెలోనే. అప్పుడు పుణెలో మీలాగే ఒకడు కూర్చుని ఇదే ప్రశ్న రాసుంటాడు. మనం పట్టించుకున్నామా? నేనైతే లేదు, కొత్త జట్టొచ్చిందని పార్టీ చేసుకున్నా.

ఇంకోటి, స్టాండ్స్ సంగతి. మన అభిమానుల సంఘం డెక్కన్ లెజియన్ వాళ్లు డప్పులు పట్టుకుని ఒక పక్క అరుస్తూ ఉంటే మిగతా వైపు కుర్చీలు కనపడేవి. 2022-23లో మనం టేబుల్‌లో రెండో స్థానంలో ఉన్నప్పుడు కూడా అంతే. నేనే పిలిచినా మా ఆఫీసులో ఒక్కడు రాలేదు. యాజమాన్యాన్ని తిట్టండి, తిట్టాల్సిందే, జీతాలివ్వకపోవడానికి సాకు లేదు. అయితే ఖాళీ కుర్చీలున్న ఊరిని వదిలి వెళ్లడం ఎవరికైనా సులువే.

నా ఓటు శ్రీనిధికి. ఐఎస్ఎల్ కింది లీగ్ ఐ-లీగ్‌లో 2022-23లో రెండో స్థానం, 2023-24లో మళ్లీ రెండో స్థానం. ఆ రెండేళ్లూ మొదటి స్థానంలో ఉన్నవాళ్లు ఐఎస్ఎల్‌కి వెళ్లిపోయారు, ఒకసారి పంజాబ్, ఒకసారి మహమ్మదన్. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి రావడం అంటే ఇదే. గుండె పగిలే అనుభవమే కావాలంటే అక్కడా లోటు లేదు, రండి.

కట్టిమణి_గ్లోవ్స్:

పుణె మాట నిజమే అన్నా, నాకెప్పుడూ తట్టలేదు. కానీ ఖాళీ కుర్చీల మాట పూర్తిగా ఒప్పుకోను. వారం మధ్యలో రాత్రి ఏడున్నరకి మ్యాచ్ పెట్టి, స్టేడియం నుంచి తిరిగి రావడానికి గంటన్నర పట్టేలా ఉంటే పిల్లలున్నవాడు ఎలా వస్తాడు?

2023-24 సీజన్ చూశారా ఎవరైనా చివరిదాకా? నేను చూశా. విదేశీయులు వెళ్లిపోయాక కుర్రాళ్లే మిగిలారు. సీజన్ మొత్తం మీద ఒకే ఒక్క గెలుపు, చెన్నైయిన్ మీద, అదీ వాళ్ల గ్రౌండ్‌లో 1-0. ఎనిమిది పాయింట్లు. నిజం చెప్పాలా, కప్పు గెలిచిన రోజుకన్నా ఆ చెన్నై రాత్రే నాకు ఎక్కువ నచ్చింది. జీతం వస్తుందో రాదో తెలియని పిల్లలు చివరి విజిల్ దాకా పరిగెత్తారు. నా జట్టంటే వాళ్లే, లైసెన్స్ ఏ ఊరికి పోతే నాకేంటి.

పసుపు_చొక్కా:

పుణె సంగతి చదివాక కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. కరెక్టే, ఆ ఫ్రీకిక్ ఇంకొకడి దగ్గర్నుంచి నాకొచ్చింది.

ఢిల్లీని చూడను, అది తేలిపోయింది. శ్రీనిధి గ్రౌండ్ డెక్కన్ అరీనాకి మాత్రం ఒకసారి వస్తా అప్పారావు గారూ. కానీ చొక్కా మార్చను, పాత పసుపుదే వేసుకొస్తా, ఎవరైనా ఏమైనా అంటారా?

ఆఫ్‌సైడ్_అప్పారావు:

ఎవరూ అనరు. నేనూ అదే వేసుకుని వెళ్తున్నా, బీరువాలో అదొక్కటే ఉంది.

ఫతేమైదాన్_పాతకాపు:

నాకు మోకాళ్లు సహకరించవు గానీ మనవణ్ణి మీతో పంపిస్తా. పదకొండేళ్లు. ఎడమ కాలు అస్సలు వాడడు, కాస్త చూడండి.